కన్యాకుమారికి మొరటు మీటలే

పెళ్ళయిన ఏడాది నుంచీ కన్యాకుమారి పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టింది. పెచ్చులోంచి కారే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకుని కొట్టుకోవడమే తప్ప చేతొడుగులు ఇచ్చిన యజమాని లేడు. కిలోల లెక్కన కూలి గనక, తొడుగేసుకుంటే చెయ్యి జోరు తగ్గుతుందని ఆడవాళ్ళూ అడగలేదు. అడగనివ్వని కూలి అది. చివరికి ఆమె వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. వేడి టీ గ్లాసు పట్టుకున్నా తెలియదు, రేషన్ మెషిన్ మీద వేలిముద్రా పడదు.

ఆ పని మానాలని సాయంకాలాలు టైపింగు నేర్చుకుంది. నారాయణమూర్తి డీటీపీ షాపులో దస్తావేజులు, అర్జీలు కొట్టే పని దొరికింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ కీబోర్డు మీటలు మరీ మెత్తన. దిగాయో లేదో ఆమెకి తెలియదు. వేలు తియ్యడం ఆలస్యమైతే ఒకే అంకె మూడుసార్లు పడి కూచుంటుంది. భయపడి తేలిగ్గా తాకితే అసలు పడదు. మొన్న ఒక రైతు పొలం సర్వే నంబరులో రెండు అంకెలు ఎక్కువ పడి రిజిస్ట్రేషన్ ఆగిపోయింది.

"ఏటమ్మా, కళ్ళెక్కడెట్టుకు కొడతన్నావు? ఇంకొక్క కాయితం తిరిగొచ్చిందంటే నువ్వు రానక్కర్లేదు" అన్నాడు నారాయణమూర్తి.

ఆమె తప్పయిందని కాయితం వెనక్కి తీసుకుంది. వేళ్ళకి స్పర్శ లేదంటే అప్పుడే పొమ్మంటాడని భయం. పొమ్మంటే మళ్ళీ ఆ పిక్కల దగ్గరికే.

షాపులో కంప్యూటర్లు బాగుచేసే పృథ్వీరాజ్ వస్తే, "కీబోర్డు పాడైపోనాదేమో, మార్చి సూడు తమ్ముడూ" అంది. అతను చిన్న పలకొకటి తెచ్చాడు. దాని మీద రంగురంగుల స్విచ్చులు. ఒక్కో రంగుది ఒక్కో బిగువు. వాడేవాళ్ళకి నచ్చినవి కీబోర్డు మీటల కింద బిగిస్తాడు.

"ఎర్రది నొక్కక్కా. మెత్తగుంటాది, అందరికీ ఇదే ఇష్టం."

ఆమె వేలు పెట్టి అతని మొహంలోకి చూసింది. "నొక్కమంటావేటి?"

"నొక్కేసినావు కదక్కా! అడుగుదాకా దిగిపోనాది."

అతను ఆమె చెయ్యి తిప్పి చూశాడు. గీతల్లేకుండా నున్నగా మెరుస్తున్న కొసలు.

"మాయమ్మ సేతులూ ఇలాగే ఉంటాయి" అన్నాడు మెల్లగా. తర్వాత ఆకుపచ్చ స్విచ్చి చూపించాడు. "ఇది మొరటుది. గేములాడే కుర్రోళ్ళే వేళ్ళు లాగేస్తన్నాయని వదిలేస్తారు."

నొక్కింది. అది మొండికేసింది. ఇంకాస్త గట్టిగా అదిమితే ఆ బరువు వేలి కణుపు దాకా, స్పర్శ మిగిలున్న చోటు దాకా తగిలింది. టక్కుమంది.

"పడింది!" అని తనే ఉలిక్కిపడింది. "ఇదే ఎట్టీ."

"సాయంత్రానికి సేతులు పీకేస్తాయి మరి."

"పీకనీరా. పీకుతున్నట్టయినా తెలుస్తాది కదా."

మర్నాడు మీటల టకటక మోత విని నారాయణమూర్తి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదేటిది, షాపులో పిక్కలు కొడతన్నట్టుంది!"

"కొట్టనీండి బాబూ. ఈ పిక్కల్లో రసం నేదు" అంది కన్యాకుమారి. అన్నాక ఇంకేం దాచలేదు. చేతులు చూపించి ఉన్నదంతా చెప్పేసింది. చెప్పి, ఆ రైతు దస్తావేజు మళ్ళీ కొట్టి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని పంక్తి పంక్తీ చదివాడు. సర్వే నంబరు దగ్గర వేలు పెట్టి ఒక్కొక్క అంకె చూసుకున్నాడు. తప్పు దొరకలేదు.

"ఆ అర్జీల కట్ట కూడా నువ్వే కొట్టీ" అని, మోత భరించలేక ఫోను పట్టుకుని బయటికి పోయాడు.

కన్యాకుమారి అర్జీల కట్ట ముందుకి లాక్కుంది. అక్షరం అక్షరానికీ తెర వంక చూసుకునే మనిషి, ఆ మధ్యాహ్నం కాయితం మీంచి కళ్ళు తియ్యకుండా కొడుతూనే ఉంది.