సద్దు లేని చెయ్యి

రాయగడలో మా డయాలసిస్ గది కిటికీ చెక్కని ఒక తుమ్మెద తొలుస్తోంది. పొద్దున ఆ కిటికీ తలుపు మూయబోయి చెక్కమీద చెయ్యి ఆనించాను. చెక్క లోపల సన్నగా, ఆగకుండా జుయ్యిమంది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అలాంటి చప్పుడు వినడం నాకు నేర్పిన మనిషి మేరీ రత్నం సిస్టర్. ఆవిడ పోయి మూడేళ్లయింది.

సునాబెడ క్వార్టర్సులో పెరిగిన నేను ఈ పని నేర్చుకోవడానికి కొరాపుట్ ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆవిడ చేతికింద పడ్డాను. మొదటి రోజు ఆవిణ్ణి చూసి భయపడ్డాను. మిషను పెట్టేముందు ప్రతి రోగి మణికట్టు పైన చెవి ఆనించి, కళ్లు మూసుకుని, తలుపవతల ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు ఉండిపోయేది. నన్నూ వినమంది. బతికున్న మనిషి చేతిలోంచి అలాంటి హోరు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. తర్వాత ఆవిడే వివరించింది. మూత్రపిండాలు పూర్తిగా చెడితే మళ్లీ బాగుపడవు, ఒంట్లో చెడుని మిషనే కడగాలి. మిషనుకి నెత్తురు వేగంగా అందాలి కాబట్టి చేతిలో ధమనిని, సిరని కలిపి కుడతారు. నెత్తురు ఒరుసుకుంటూ పారితే చెయ్యి మోగుతుంది. మోగితే మంచిది, మూగబోతే ప్రమాదం.

బొయిపరిగుడ సంతలో ఉల్లిపాయలమ్మే అప్పలస్వామి వారానికి రెండుసార్లు వచ్చేవాడు. వాళ్లన్నయ్య కూడా ఈ జబ్బుతోనే పోయాడు. కొన్నాళ్లు మెడలో పెట్టిన గొట్టంతో మిషను పెడుతూ, ఈలోగా ఎడమచేతికి ఆ ఆపరేషను చేశారు. ఆ చేతిలో నరం ఎదిగాక గొట్టం తీసేస్తారు. ఆ చేతికి బరువు, బిగుతు తగలకూడదని, రోజూ తడిమి చూసుకోవాలని అతనికి చెప్పే పని సిస్టర్ నాకు అప్పగించింది.

అతను నెమ్మదిగా అడిగాడు. "ఏటమ్మీ ఇది? సెయ్యి తలకింద ఎట్టుకుంటే లోపలెవరో గొణుగుతన్నారు."

నేను ఆ మధ్యే అక్కడి కొండల్లో ఉండే దేశియా వాళ్ల దగ్గర ఒక మాట నేర్చుకున్నాను. డుమా అంటే చనిపోయిన మనిషి ఆత్మ. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ఆ మాటని కనిపించిన వాళ్లందరిమీదా విసిరేదాన్ని. "నీ సేతిలో డుమా సేరింది మావా" అని నవ్వాను. అతనూ నవ్వాడు. ఇంతలో పక్క మిషను మోగితే అటు వెళ్లిపోయాను. చెప్పాల్సింది చెప్పనేలేదు.

తర్వాతి వారం అతని వెంట భార్య పోలమ్మ కూడా వచ్చింది, ముఖం వెలిగిపోతూ. సిస్టర్ ఎప్పటిలాగే చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి కింద నల్లతాడు ఏడు చుట్లు, చర్మంలోకి దిగేంత బిగుతుగా ఉంది.

"గుణియా మంత్రించి ఇచ్చేడు, నానే కట్టేను. మూడు దినాలయ్యింది సిస్టరమ్మా, సద్దు నేదు. సేతిలో సేరిన బావగారు ఎల్లిపోనారు" అంది పోలమ్మ. నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "ఈ అమ్మే సెప్పింది. నేకపోతే మాకేటి తెలుస్తాది."

సిస్టర్ నన్నొక్కసారి చూసింది. కత్తెర తీసి తాడు తెంపింది. నేను కూడా చెవి పెట్టి విన్నాను. వెచ్చని చెయ్యి, లోపల ఏ చప్పుడూ లేదు. అంత నిశ్శబ్దం నేను శవాల దగ్గర కూడా వినలేదు.

తాడు బిగుతుకి నెత్తురు గడ్డకట్టింది, ఇక ఆ చేతితో లాభం లేదన్నాడు డాక్టరు. కుడిచేతికి మళ్లీ కుట్టారు. అది ఎదిగేలోగా మెడ గొట్టం దగ్గర చీము పట్టి, జ్వరమొచ్చి, అప్పలస్వామి పోయాడు.

సిస్టర్ నన్ను వెంటబెట్టుకుని బొయిపరిగుడ వెళ్లింది. నా తప్పు ఒప్పేసుకుందామని దారంతా మాటలు కూడగట్టుకున్నాను. గడపలో కూర్చున్న పోలమ్మ సిస్టర్ని చూడగానే లేచి నిలబడింది. "తాడు తెంపేసినావు. బావగారు మళ్లీ వచ్చి తమ్ముణ్ణి ఎత్తుకుపోనారు" అంది. నేను నోరు తెరవబోయాను. సిస్టర్ నా మణికట్టు పట్టుకుంది. తల వంచుకుని ఆ తిట్లన్నీ పడింది.

బస్సులో నేను ఏడుస్తుంటే ఒక్కటే అంది. "తను కట్టిన తాడే మొగుణ్ణి తీసుకుపోయిందని తెలిస్తే ఆ మనిషి బతకదమ్మీ. నన్ను తిట్టుకోనీ." మర్నాడు మళ్లీ ఒక కొత్త రోగిని నాకే అప్పగించి, నేను ప్రతి మాటా పూర్తిగా చెప్పేదాకా పక్కనే నిలబడింది.

ఇప్పుడు నేనూ కొత్తవాళ్లకి నేర్పుతున్నాను. రోగి ముందు ఎగతాళి చేస్తే ఊరుకోను. నన్ను కఠినురాలంటారు, అననీ. బొయిపరిగుడ వెళ్తే పోలమ్మ నన్ను చూసి ఉల్లిపాయల తట్ట వెనకనుంచి లేచి వస్తుంది. బుగ్గలు నిమిరి, నువ్వు మంచిదానివమ్మీ, నిజం చెప్పినదానివి నువ్వొక్కర్తివే అంటుంది. సిస్టర్ పేరు తలచుకుని పక్కకి ఉమ్ముతుంది. సిస్టర్ పోయాక కూడా, డుమా మాట వేళాకోళానికి అన్నానని పోలమ్మకి చెప్పలేకపోయాను. తలవంచుకుని నిలబడతాను.