ఏడుపు రాని సారీ

కరోనా తర్వాత షూటింగులు మళ్ళీ ఊపందుకున్న ఏడాది. జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే ఒక బంగళాలో మా పని. సినిమాల్లో నటించే చిన్నపిల్లలకు డైలాగులు నేర్పడం నా వృత్తి. ఎక్కడ ఊపిరి పీల్చాలి, ఎక్కడ గొంతు వణకాలి, కళ్ళలో నీళ్ళు ఎప్పుడు తిరగాలి, అన్నీ నేనే చెప్తాను. ఇంట్లో మా పిల్లలు నా మాట వినరు, అది వేరే సంగతి.

ఆ సినిమాలో తన్వి అని ఎనిమిదేళ్ళ పిల్ల. మహా చురుకు. ఒక్కసారి చెప్తే చాలు, అల్లుకుపోయేది. సెట్లో అందరికీ ముద్దే. పిల్ల అలిగితే షూటింగ్ ఆగిపోతుందన్న భయం కూడా ఆ ముద్దులో సగం ఉండేది. చెప్పు విసిరినా "ఏం కాలేదులే బంగారం" అనేవాళ్ళే తప్ప, ఇదేంటని అడిగిన నాథుడు లేడు.

ఒక మధ్యాహ్నం తన్వి పసుపు పట్టులంగా మీద ఇంత మరక. మా దగ్గర కంటిన్యుటీ అని ఒకటుంటుంది. నిన్న సగం తీసిన సీను ఇవాళ పూర్తి చేయాలంటే బట్టలు నిన్నటిలాగే ఉండాలి. ఆ లంగా ఒక్కటే కుట్టించారు. ఎవరు చేశారని మేనేజర్ గద్దిస్తే, యాదమ్మక్క టీ ఒలకబోసిందని తన్వి చెప్పేసింది. యాదమ్మ బోరబండ నుంచి వచ్చే కాస్ట్యూమ్ అసిస్టెంట్. తను కాదని ఆమె ఎంత మొత్తుకున్నా వినకుండా, రేపటి నుంచి పనికి రావద్దన్నాడు మేనేజర్.

నేను లంగా వాసన చూశాను. టీ కాదు, చాక్లెట్ ఐస్‌క్రీమ్. తన్విని పక్కకు, మేకప్ గదిలోకి తీసుకెళ్ళి నిజం చెప్పమన్నాను. కింది పెదవి వణికింది. ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చింది. రెండు చుక్కలు బుగ్గల మీదికి జారాయి.

"సారీ మిస్. ఇంకెప్పుడూ చేయను."

నాకు నవ్వొచ్చినంత పనైంది. ఆ పెదవి, ఆ ఊపిరి, ఆ చుక్కలు, అన్నీ నేను నేర్పినవే.

"ఏడుపు బాగుంది," అన్నాను. "మరి రేపు యాదమ్మక్క పనికి ఎక్కడికెళ్ళాలి?"

ఏడుపు టక్కున ఆగిపోయింది. ఆ సంగతి దాని బుర్రకు అప్పటిదాకా తట్టనేలేదు. తిట్లు తప్పితే చాలనుకుంది, అంతే. పాపం, పసిదే కదా.

తోడుగా సెట్లోనే ఉండే వాళ్ళమ్మకు సంగతి చెప్పాను. ఆవిడది గుంటూరు వైపు, మంచి మనిషి. పిల్ల మూడ్ పాడైతే షాట్ చెడుతుందని, మేనేజరుతో తనే మాట్లాడతానని బయల్దేరింది. నేను ఆపాను. "మీరు చెప్తే యాదమ్మ పని నిలబడుతుందండీ. తన్వికేం తెలుస్తుంది? అబద్ధం చెప్పింది తను. నిజం కూడా దాన్నే చెప్పనివ్వండి."

తన్వి భయమేస్తోందంది. పక్కనే ఉంటానన్నాను. ఏం మాట్లాడాలో మాత్రం నేర్పలేదు.

అందరూ భోంచేస్తున్న చోటికి వెళ్ళి మేనేజర్ ఎదుట నిలబడింది. పేజీల డైలాగు గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్ల నాలుగు ముక్కలకు తడబడిపోయింది. "అంకుల్... యాదమ్మక్క కాదు. నేనే. ఐస్‌క్రీమ్ ఒలకబోసుకున్నా. అబద్ధం చెప్పాను."

మేనేజర్ ముద్ద కలపడం ఆపేశాడు. యాదమ్మ వైపు తిరిగి, పొరపాటైందమ్మా, రేపు వచ్చెయ్ అన్నాడు.

తన్వి అక్కడితో ఊరుకోలేదు. యాదమ్మ దగ్గరికెళ్ళి మరక తను కడుగుతానంది. యాదమ్మ ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. లంగా చేతిలోకి తీసుకుంది.

"నువ్వు గడిగితే ఉన్న పట్టు గూడ పోతది బిడ్డా. జర గీ అంచు పట్టుకో, నేను కడుగుత."

కుంకుడు రసంతో ఆమె మెల్లగా రుద్దుతుంటే తన్వి రెండు చేతులతో అంచు పట్టుకుని కూర్చుంది. లంగా ఆరేదాకా అక్కడి నుంచి కదల్లేదు. మిగిలిన కాస్త మరకను యాదమ్మ కుచ్చిళ్ళలో దాచేసింది.

అప్పటినుంచి ఏ పిల్లయినా సారీ చెప్తే, "మరి ఇప్పుడేం చేద్దాం?" అని అడుగుతున్నాను. దానికి జవాబు వెతుక్కునేటప్పుడు పక్కన ఒక మనిషి ఉంటే చాలు, పిల్లలు మనం అనుకున్నదానికంటే గట్టివాళ్ళు.

ఆ సాయంత్రం ప్యాకప్ అయ్యాక తన్వి నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, ప్రతి షాట్ తర్వాత అడిగినట్టే అడిగింది.

"బాగా చెప్పానా మిస్? అంకుల్ దగ్గర నాకసలు ఏడుపే రాలేదు."

అదే బాగుందమ్మా అన్నాను. ఏడుపు నాకొచ్చింది.