పై బల్ల మీద ఇచ్చిన మాట

మా బావ ఔలిస్ ఇన్సూరెన్స్ ఏజెంటు. మా సరస్సు చుట్టూ ఉన్న ఇళ్లూ పడవలూ ఆవులూ అన్నీ ఆయన చేతి మీదుగా బీమా అయినవే. మా అక్క రైలిని చేసుకున్నప్పటి నుంచి నేను ఆయన్ని ఏడిపిస్తూనే ఉన్నాను, ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

ఆయన పక్కింట్లో ఈవరి అనే ముసలాయన ఉండేవాడు. పెళ్లాం పిల్లలు లేరు, పెరట్లో చెక్కతో కట్టిన ఆవిరిస్నానాల గది, సౌనా, ఒక్కటే ఆయన లోకం. ఒక గురువారం సాయంత్రం ముగ్గురం అందులో ఆవిరికి చెమటలు కక్కుతున్నాం. మెట్లలా వేసిన బల్లల్లో పై బల్ల మీద బావ పక్కన కూర్చున్న ఈవరి అన్నాడు:

"ఒరే ఔలిస్, దీనికీ ఇన్సూరెన్స్ చేయించేస్తానురా."

"సరే పెదనాన్నా, ఇప్పట్నుంచే ఉందనుకో. కాయితం సోమవారం రాసుకుందాం."

అంతే. సౌనాలో ఇచ్చిన మాటకు మా వైపు ఎవరూ కాగితం అడగరు.

శనివారం ఆ సౌనా కాస్తా తగలబడిపోయింది. బావకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆదివారం పరిగెత్తుకెళ్లి, ఈవరి చేత సంతకం పెట్టించి, గురువారం తేదీ వేసేశాడు. మాట ఇచ్చింది గురువారమే కదా అని ఆయన ధైర్యం. నాతో ఒక్క ముక్క చెప్పి ఉంటే చెయ్యి పట్టుకుని ఆపేవాణ్ణి.

కంపెనీ నుంచి తనిఖీకి ఒకతను వచ్చాడు. ఈవరి అతనికి కాఫీ పోసి, మా బావను ఆకాశానికెత్తేశాడు.

"ఏం మనిషండీ! ఆదివారమని కూడా చూడకుండా, బూడిద చల్లారకముందే వచ్చి సంతకం పెట్టించుకెళ్లాడు!"

అతను కప్పు కింద పెట్టేశాడు.

వ్యవహారం కోర్టుకెక్కింది. నేనే సాక్షిని.

"ఒప్పందం ఎక్కడ జరిగింది?" అని జడ్జిగారు అడిగారు.

"పై బల్ల మీదండీ. నేను కింది బల్ల మీదున్నా."

జనం నవ్వారు. జడ్జిగారు మాత్రం నవ్వకుండా బావ వైపు తిరిగారు.

"మీరు సౌనాలో అబద్ధమాడతారా?"

"ఎంత మాటండీ!"

"మరి కాగితం మీద ఎందుకాడారు?"

బావ చెవులు ఎర్రబడ్డాయి.

ఏజెంటు ఇచ్చిన మాట చెల్లుతుంది, ఈవరికి కొత్త సౌనా ఖర్చు రావలసిందేనని తీర్పు వచ్చింది. అంటే బావ ఆ తేదీ జోలికి పోకుండా ఉన్నా సరిపోయేది! తప్పుడు తేదీకి మాత్రం జరిమానా పడింది, ఏడాది పాటు ఇన్సూరెన్స్ అమ్మకూడదన్నారు. మా దగ్గర జరిమానా సంపాదనను బట్టి వేస్తారు. అందుకని ఆయన ఆదాయం అందరి ముందూ చదివారు.

"అంతా? నాకు వేరేలా చెప్పావే!" అని మా అక్క వెనక బెంచీలోంచి అరిచింది. పడవకు కొత్త మోటారు ఎలా వచ్చిందో ఆమెకు ఆ రోజు తెలిసింది. దానికి శిక్ష ఇంట్లో విడిగా పడింది.

బావ రంపపు మిల్లులో పనికి కుదిరాడు. వేసవికల్లా ఈవరి కొత్త సౌనా లేచింది, కానీ దాని గొట్టంలోంచి పొగ రాలేదు. ముసలాయన శనివారం శనివారం మా ఇంటికొచ్చి మా సౌనాలో స్నానం చేసేవాడు. ఎందుకని అడిగితే "చెక్క ఇంకా ఆరాలిరా" అనేవాడు.

బావ వంటింటి కిటికీలోంచి ఆ గొట్టాన్నే చూస్తుండేవాడు.

"వెలిగిస్తే నన్ను పిలవాలి కదరా. ఆయనకి పిలవడం ఇష్టం లేదు. ఆయన్ని కూడా కోర్టు మెట్లెక్కించాను."

నాకైతే ముసలాయన మీద ఒళ్లు మండిపోయేది. బావకు ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ ముసలాయన దూరమయ్యాడన్నదే దిగులు.

ఏడాది గడువు తీరిన మర్నాడు పొద్దున్నే నేను బావ వాళ్లింట్లో కాఫీ తాగుతున్నాను. పెళ్లిళ్లకూ చావులకూ వేసుకునే నల్లకోటు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని ఈవరి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"రాయరా. ఇవాళ్టి తేదీ వెయ్యి."

"దేనికి పెదనాన్నా?"

"సౌనాకిరా. ఇన్సూరెన్స్ లేకుండా మళ్లీ దాంట్లో నిప్పు పెడతానా?"

"నా బదులు కొత్త ఏజెంటు వచ్చాడుగా! అతని చేత రాయించుకుంటే కట్టిన రోజే వెలిగించుకునేవాడివి."

"వాడెవడు? వాడితో నేనెప్పుడైనా చెమటోడ్చానా?"

బావ తేదీ వేశాడు. కళ్లు తుడుచుకుని కాయితం ముసలాయన వైపు జరిపాడు. ఈవరి సంతకం పెట్టి, కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

"కట్టెలు పేర్చే వచ్చా. పద, అగ్గిపుల్ల నువ్వే గియ్యాలి."