తుండుగుడ్డ కింద చెయ్యి

ఫుట్‌బాల్ ఆడితే అన్నం దొరుకుతుందంటే ఆ రోజుల్లో గుంటూరులో నమ్మేవాళ్ళు తక్కువ. బాలస్వామికి దొరికింది. పద్దెనిమిదేళ్ళకే కలకత్తా వెళ్ళి, అక్కడి లీగులో ఓ చిన్న క్లబ్బులో ఎడమ వైపు ఆటగాడిగా కుదిరాడు. వాళ్ళమ్మ ప్రేమమ్మ మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరే పనికి పోయేది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, "మావాడు బంతి తన్నే ఉద్యోగం చేస్తన్నాడు" అని చెప్పేది.

"తన్నినందుకు జీతం ఇస్తారా ప్రేమమ్మా?" అని పక్క వరసలో ఎవరో నవ్వారొకసారి.

"ఇన్నేళ్ళబట్టి మీ ఆయన తంతన్నాడుగా, నీకేమన్నా వచ్చిందా? మావాడికి వస్తంది," అంది ప్రేమమ్మ, ఏరుతున్న కాయల మీంచి చూపు తిప్పకుండానే. ఆ రోజంతా కల్లంలో అదే నవ్వు.

బాలస్వామికి ఆట నేర్పింది పీరు. పీరు మిరపకాయల యార్డులో దళారి. పగలు బస్తాల మధ్య, సాయంత్రం మిషన్ స్కూలు మైదానంలో. తండ్రి లేని పిల్లవాడని బాలస్వామిని దగ్గరకు తీసి, హైదరాబాదుకి, అక్కణ్ణించి కలకత్తాకి తన ఖర్చుతో పంపించాడు. బాలస్వామి ఆయన్ని మావా అనేవాడు. ఆయన ఏం చెప్పినా ఎదురు చెప్పినవాడు కాదు.

ఎనభై నాలుగులో బాలస్వామికి ఇరవై మూడేళ్ళు. ఆ సీజను చివర్లో ఒక పెద్ద క్లబ్బు మీద రెండు గోల్సు కొట్టాడు. మర్నాటినుంచి మైదానం బయట మనుషులు అతన్ని పేరుతో పిలిచారు. దేశం జట్టుకి ఎంపిక శిబిరం ఆ వర్షాకాలంలోనే ఉంది. శిబిరానికి పిలిచేది పెద్ద క్లబ్బుల వాళ్ళనే. "ఈ చిన్న క్లబ్బులో ఉన్నంత కాలం నువ్వు ఎన్ని కొట్టినా ఎవడికీ కనబడవు. ఈ ఏడే మారాలి," అన్నాడు గదిలో కలిసి ఉండే సుభానీ. అతనూ ఆటగాడే, కర్నూలు వాడు. ఇరవై మూడేళ్ళంటే ఆ ఆటలో ఎక్కువ కాదు, తక్కువా కాదు. వచ్చే ఏడు ఇంకెవడో కుర్రాడు వస్తాడు.

మార్చిలో బాలస్వామి ఇంటికొచ్చాడు. వెనకాలే గోవానుంచి ఒక పెద్దమనిషి దిగాడు. పేరు మెనెజిస్. అక్కడి లీగులో పేరున్న ఒక క్లబ్బు తరఫున వచ్చాడు. బ్రాడీపేటలో లాడ్జిలో దిగి, కబురు పంపాడు. బేరం మాట్లాడటానికి బాలస్వామికి పీరు తప్ప ఎవరున్నారు? పీరుకి యార్డు తప్ప వేరే ఆఫీసు ఎక్కడుంది?

కాయ దిగే రోజులు. యార్డంతా ఎర్రగా, గాలిలో ఘాటు. మెనెజిస్ తుమ్ముతూ, చేతిరుమాలు ముక్కుకి పెట్టుకుని వచ్చాడు. పీరు ఆయన్ని బస్తా మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, బాలస్వామి వైపు చూపిస్తూ అన్నాడు: "చెప్పరా ఆయనకి. సరుకు చూసుకోమను. తేమ లేదు, తాలు లేదు. తొడిమతో సహా పొలంలోంచి నేరుగా వచ్చిన కాయ."

బాలస్వామి తనకొచ్చిన హిందీలో అది చెప్పడానికి సిగ్గుపడ్డాడు. చుట్టూ మూటలు కుట్టేవాళ్ళు గొల్లున నవ్వారు. "కాలు పట్టుకుని చూడమను మావా, ఎడమది!" అని అరిచాడొకడు.

యార్డులో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తుండుగుడ్డ కప్పుతారు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఒక వేలు ఒకటి, నాలుగు వేళ్ళు నాలుగు, అరచేతిలో గీకితే అర. పక్కనున్నవాడికి తెలియదు. ఒప్పుకుంటే చెయ్యి గట్టిగా నొక్కుతారు. చివర్న సరుకు గలవాడు తన చెయ్యి కూడా ఆ గుడ్డ కింద పెట్టాలి. దాని తర్వాత మాట లేదు. గంటకి ధర రెట్టింపైనా సరే, సరుకు పోయినట్టే. కాగితం తర్వాత వస్తుంది, రాకపోయినా ఫరవాలేదు. యార్డులో ఒకసారి చెయ్యి వెనక్కి లాక్కున్నవాడి బస్తాలు మళ్ళీ ఎవరూ విప్పరు.

ఇదంతా బాలస్వామి హిందీలో చెబుతుంటే మెనెజిస్ కళ్ళు మెరిశాయి. సంబరంగా చెయ్యి చాచాడు. పీరు భుజం మీది తుండుగుడ్డ తీసి కప్పాడు. కొంతసేపు గుడ్డ కదిలింది. పీరు మొహంలో ఏమీ కనబడలేదు, మిరపకాయలు అమ్మేటప్పుడు కూడా అంతే. మెనెజిస్ మాత్రం చక్కిలిగింతలు పెట్టినట్టు నవ్వాడు. నెలకి రెండున్నర వేలు, ఉండటానికి గది, శిబిరానికి పేరు పంపే పూచీ. ఆఖరిది మాత్రం గుడ్డ కింద కాదు, పైకే, నోటితో అడిగించాడు పీరు. "తప్పకుండా, తప్పకుండా," అన్నాడు మెనెజిస్.

"పెట్టరా చెయ్యి," అన్నాడు పీరు.

బాలస్వామి పెట్టాడు. గుడ్డ కింద వెచ్చగా, చెమటగా ఉంది. ఎవరి చెయ్యి ఏదో తెలియలేదు. మూడు చేతులూ నొక్కుకున్నాయి.

మెనెజిస్ వెళ్ళేటప్పుడు కాగితాలు నెలలో పంపిస్తానన్నాడు.

వారం తిరక్కుండా కలకత్తానుంచి టెలిగ్రాం వచ్చింది. బాలస్వామి ఏ క్లబ్బు మీద రెండు గోల్సు కొట్టాడో, ఆ పెద్ద క్లబ్బే రమ్మంది. జీతం నాలుగు వేలు, శిబిరం ఖాయం, నెలాఖరు లోపల స్వయంగా వచ్చి సంతకం చెయ్యాలి.

ఆ సాయంత్రం ప్రేమమ్మ పీరు ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. వెనక బాలస్వామి.

"నీ బేరం నీదేలే పీరూ. పిల్లాణ్ణి రేపు బండెక్కిస్తా."

"చెయ్యి ఇచ్చాం ప్రేమమ్మా."

"ఎవరికిచ్చారు? అదేమన్నా కాయా, పత్తా? మనిషి. వాడి కాళ్ళు వాడివి."

"వాడి చెయ్యి కూడా వాడిదేగా? వాడే పెట్టాడు."

"నువ్వు పెట్టమంటే పెట్టాడు!"

పీరు తలవంచుకున్నాడు. "వెళ్తే వెళ్ళరా. నేను వద్దనను," అన్నాడు. ఆయన ఆ మాట అన్న తీరు బాలస్వామికి తెలుసు. చెయ్యి వెనక్కి లాక్కున్నవాణ్ణి గురించి యార్డులో అలాగే మాట్లాడతారు, కోపం లేకుండా.

"ఒప్పుకున్నాను గదమ్మా," అన్నాడు బాలస్వామి. ఇంటికి వచ్చి, అన్నం తిని, పడుకున్నాడు. నిద్ర కూడా పట్టింది. నెలాఖరు వచ్చింది, పోయింది. ఆ రోజు అతను మైదానంలో పిల్లలకి బంతి అందిస్తూ గడిపాడు.

ఏప్రిల్ అయింది, మే అయింది. కాగితాలు రాలేదు. జూన్‌లో పీరు, బాలస్వామి కలిసి పోస్టాఫీసుకి వెళ్ళి గోవాకి ట్రంకాల్ బుక్ చేశారు. మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చుంటే అప్పుడు కలిసింది. లైనులో గాలి హోరు. బాలస్వామి తన పేరు రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

"ఓ, గుంటూరు!" అన్నాడు మెనెజిస్, నిజమైన సంతోషంతో. "ఆ గుడ్డ ఆట! మా వాళ్ళందరికీ చేసి చూపించాను, ఎంత నవ్వుకున్నామో. మీ అంకుల్ కులాసానా?"

బాలస్వామి కాగితాల సంగతి అడిగాడు.

"మేం ఒక కేరళ కుర్రాణ్ణి తీసుకున్నాం బాబూ, ఏప్రిల్‌లోనే. నువ్వు కలకత్తాలో పెద్ద క్లబ్బుకి వెళ్ళిపోయావేమో అనుకున్నాను. మనం సంతకాలేం చేసుకోలేదు గదా?"

"లేదండి," అన్నాడు బాలస్వామి.

ఫోను పెట్టేశాక పీరు, "ఏమన్నాడు?" అని అడిగాడు. బాలస్వామి చెప్పాడు. నవ్వుకున్నామన్న మాట మాత్రం చెప్పలేదు. బయట ఎండ. ఇద్దరూ సైకిళ్ళు తోసుకుంటూ, ఎక్కకుండానే, యార్డు దాకా నడిచారు.

ఏడుపు వస్తుందేమోనని అతను రెండు రోజులు చూశాడు. రాలేదు. కోపం కోసం వెతికాడు. మెనెజిస్ మీద రాలేదు, పాపం ఆయనకేం తెలుసు. పీరు మీద అంతకన్నా రాలేదు. ప్రేమమ్మ మాత్రం నెలరోజులు పీరు ఇంటి ముందునుంచి నడవలేదు, చుట్టూ తిరిగి పోయింది.

పాత క్లబ్బులో అతని చోటు ఆ ఏటికి నిండిపోయింది. మరుసటి ఏడు వెళ్ళి సగం సీజను ఆడాడు, మోకాలు తిరిగింది. తిరిగి వచ్చి యార్డులో పీరు పక్కన కూర్చున్నాడు. పీరు అతనికి వేళ్ళ లెక్క నేర్పాడు. బంతి ఊసు మాత్రం మళ్ళీ ఎత్తలేదు. రెండేళ్ళకి ఆయన కాలం చేస్తే, ఆ చోటులో బాలస్వామే మిగిలాడు.

ఎనభై ఎనిమిదిలో ఒక రోజు, కాయ దిగే కాలమే, టీ కొట్టు రేడియోలో దేశం జట్టు ఆట వస్తోంది. ఎడమ వైపునుంచి ఆ కేరళ కుర్రాడు బంతి తీసుకున్నాడని వ్యాఖ్యాత గబగబా చెబుతున్నాడు. "నువ్వూ ఆడేవాడివంటగా, సౌండు పెంచమంటావా?" అని కొట్టువాడు అడిగాడు. "వినపడతందిలే," అన్నాడు బాలస్వామి.

అప్పుడే అద్దంకి వైపునుంచి వచ్చిన రైతు అంకమ్మరావు సరుకు బేరం కుదిరింది. గుడ్డ కింద చేతులు నొక్కుకుని, కొన్నవాడు కాటాల వైపు వెళ్ళాడు. అంతలో ఇంకొక షావుకారు వచ్చి, కాయ చేతిలోకి తీసుకుని వాసన చూసి, "ఎందుకు తొందరపడ్డారయ్యా! నేనైతే ఎక్కువే ఇద్దును," అన్నాడు. ఎంతిచ్చేవాడో ఆ ధర కూడా పైకే చెప్పాడు.

అంకమ్మరావు బాలస్వామి మొహంలోకి చూశాడు. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నాడని పొద్దుననే చెప్పాడు. బాలస్వామి తుండుగుడ్డ మోకాళ్ళ మీద మడత పెట్టుకుంటూ కూర్చున్నాడు. మడత సరిగా రాలేదు, విప్పి మళ్ళీ పెట్టాడు. రేడియోలో జనం హోరెత్తారు.

"ఇంకేముందిలే," అన్నాడు అంకమ్మరావు పైకండువా దులుపుకుంటూ. "చెయ్యి ఇచ్చాంగా. పద, తూకం వేయిద్దాం."

ఆ మనిషి చెయ్యి వెనక్కి తీసుకుంటాడేమోనని, ఒక్కడైనా తీసుకోవాలని, ఇంతసేపూ తను ఎదురుచూశాడని బాలస్వామికి అప్పుడు తెలిసింది.

లేచాడు. మోకాలు పట్టేసినట్టయి ఒక్క క్షణం ఆగి, గుడ్డ భుజాన వేసుకుని, రైతు వెనకాల కాటా దగ్గరకు నడిచాడు.