నలభై నిమిషాల బేరం

మా గల్లీలో బంగారం కొట్టులో తరుగు తగ్గించుకున్నవాళ్లున్నారు, ఆటోవాడు అడిగినదాంట్లో సగానికే ఇల్లు చేరినవాళ్లున్నారు. డాక్టరుతో బేరమాడి వ్యాయామాన్ని సగానికి దించినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. రోజుకు నలభై నిమిషాలు సైకిలు తొక్కమని ఆమె చెప్పింది. ఇరవైకి ఖరారు చేసుకుని వచ్చాను.

షుగరు మూడు నెలల సగటు ఎనిమిది పాయింటు ఒకటి వచ్చింది. రోజంతా షాపులోనే ఉంటానని, బయట నడుద్దామంటే గల్లీలో బండ్ల మధ్య సందు ఉండదని నేనే చెప్పాను. అయితే ఒకచోట నిలబెట్టి తొక్కే సైకిలు కొనుక్కోమంది డాక్టరమ్మ.

"రోజూ నలభై నిమిషాలు. ఊపిరి బరువుగా రావాలి. ఊరికే తిప్పితే లెక్కలోకి రాదు. షుగరు ఇట్లనే ఉంటే కండ్ల మీద పడుతుంది."

"నలభై అంటే ఎట్ల మేడం? పొద్దుగాల నల్లా నీళ్లు, పిల్లల డబ్బాలు, పదింటికి షాపు. పది నిమిషాలు రాసుకోండ్రి."

"ఇది రాసుకునేది కాదమ్మా, చేసేది."

నేను లేచాను. పుట్టిపెరిగింది పురానాపూల్ దగ్గర మా నాయన గుడ్డల కొట్టులో. గిరాకి లేచి గడప దాకా పోతే మా నాయన వెనక్కి పిలిచేవాడు. ఆ పిలుపులో చెప్పేదే అసలు ధర, అంతకు ముందు చెప్పిందంతా బేరం కోసం కలిపింది. బడికి పోకముందే నాకు ఈ సంగతి తెలుసు. డాక్టరమ్మ గదిలోనూ తలుపు పిడి మీద చెయ్యి వేసి కాసేపు ఆగాను. వెనక నుంచి నిట్టూర్పు వినబడింది.

"సరే, కనీసం ఇరవై అన్నా తొక్కండి. అసలు లేకపోవడం కంటే నయం."

ఇరవై మాట పట్టుకుని మెట్లు దిగాను. ఆ తర్వాతి మాటను లెక్కలోకి తీసుకోలేదు.

సైకిలు హుస్సేనీ ఆలంలో ఒక ఇంట్లో పాతది దొరికింది. హ్యాండిల్ కింద తుప్పు చూపించి ఆయన చెప్పిన ధరలో సగానికి తెచ్చాను. ఇంట్లో పెడితే టైము దొరకదని షాపులోనే పెట్టించాను, కౌంటరు వెనక, లైనింగు గుడ్డల అరల మధ్య. నాది మ్యాచింగ్ సెంటరు. చీర తెస్తే దానికి సరిపడే జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్ తీసి ఇవ్వడం నా పని. ఒక్క ఆకుపచ్చలోనే నా అరల్లో పద్దెనిమిది రంగులున్నాయి. వాటి మీద చీటీలుండవు, చూసి తియ్యడమే. కళ్లు పోతే ఆ షటరు తెరవక్కర్లేదు.

నలభై కాదు, ఇరవైని కూడా ఒక్క తానుగా ఇచ్చే ఓపిక నాకు లేకపోయింది. కట్ పీసులు చేశాను. షటరు తెరవగానే అయిదు నిమిషాలు, మధ్యాహ్నం గిరాకి పల్చబడ్డాక పది, టీ వచ్చేలోగా అయిదు. సీటు సరిగ్గా కౌంటరు ఎత్తుకు కుదిరింది. దిగకుండానే మీటరు గుడ్డ కొలవచ్చు, హుక్కులు లెక్కపెట్టి ఇవ్వచ్చు, వియ్యపురాలి మీద ఎవరైనా చెప్పుకుంటే మొత్తం వినచ్చు. సీటెక్కినప్పుడు గడియారం చూసి, దిగినప్పుడు మళ్లీ చూసి, మధ్యలోదంతా తొక్కినట్టు క్యాలెండరులో టిక్కు పెట్టేదాన్ని. పెళ్లిళ్ల సీజనులో మూడు వారాలు సైకిలు మీద ఫాల్ కట్టలు పెట్టాను. తర్వాత కలిపి తొక్కుదామనుకున్నాను.

ఆ సీజను చివర్లో ఒకామె జాకెట్టు గుడ్డ వెనక్కి తెచ్చింది. చీర రామా గ్రీను, నేనిచ్చింది బాటిల్ గ్రీను.

"కండ్లు యాడ పెట్టి ఇచ్చినవక్కా? మా ఆడబిడ్డ ఒకటే నవ్వుడు."

ట్యూబులైటు మీద నెపం వేసి మార్చి ఇచ్చాను. ఆమె పోయాక రెండు గుడ్డలూ గల్లీలోకి తీసుకెళ్లి ఎండలో చూశాను. చిన్నపిల్ల కూడా తేడా చెప్పేస్తుంది. మళ్లీ లోపలికి తెచ్చి అదే ట్యూబులైటు కింద చూశాను. ఇప్పుడు కూడా తేడా తెలుస్తోంది. మరి ఆ రోజు ఏమైంది? రెండు గుడ్డలూ ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను.

అప్పట్నుంచి నాకు ఒక పిచ్చి పట్టుకుంది. ఎదురుగా గల్లీకి అవతల టైలరు భాయ్ దుకాణం. రోజుకు పదిసార్లు ఒక కన్ను మూసి ఆయన బోర్డు చదవడం, తర్వాత రెండో కన్ను మూసి చదవడం. కుడికంటితో అక్షరాలు కొంచెం మసకగా ఉన్నట్టుండేవి. తుడుచుకుంటే సరిగ్గా ఉండేవి. కాసేపటికి మళ్లీ మసక. నిజంగా మసకో, నేను వెతుకుతున్నాను కాబట్టి దొరుకుతోందో తేలేది కాదు.

నాలుగు రోజులు చూసి భాయ్ గల్లీ దాటి వచ్చాడు.

"ఆపా, దినాం నాకు కన్ను కొడ్తున్నరు. మా ఇంటామె చూసిందంటే నన్ను మిషన్ కింద పెట్టి కుడ్తది."

నవ్వాను, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండు ఆకుపచ్చల సంగతి, డాక్టరమ్మ మాట చెప్పాను.

"ఫికర్ చేయకుండ్రి. సైకిల్ తెచ్చుకున్నరు కద."

"తొక్కుతనే ఉన్న భాయ్. దినాం ఇరవై నిమిషాలు."

ఆయన నా వైపు కాక సైకిలు వైపు చూశాడు. "ఏంది ఆపా, ఇరవై ఎక్కడిది? కూసుంటున్నరు. తొక్కుడు వేరే. గిరాకి వస్తే చప్పుడు ఆగుతది, ఫోన్ వస్తే ఆగుతది. నేను దినమంత కాళ్లతోని మిషన్ తొక్కేటోణ్ణి. చక్రం చప్పుడు నాకు తెల్వదా?"

సైకిలు తిరిగితే కిర్రుమంటుంది, నిజమే. అయినా ఒప్పుకోలేదు. అయితే లెక్క పెట్టమన్నాను. మర్నాడు సాయంత్రం ఆయన కొలతలు రాసే చీటీ మీద ఒక అంకె వేసి తెచ్చాడు. ఏడు.

"పది వెయ్యి భాయ్. మధ్యల నీ మిషన్ చప్పుడుల నాది వినబడి ఉండదు."

"నేను వేసేదేముంది ఆపా? ఏడంటే ఏడే."

మూడు నెలల షుగరు పరీక్ష మళ్లీ చేయించుకోవడానికి అప్పటికి వారం ఉంది. ఆ వారం మాత్రం మధ్యాహ్నం షటరు సగం దించి నలభై నిమిషాలూ ఆపకుండా తొక్కాను. తొడలు వణికాయి. దించిన షటరు కింద నుంచి గిరాకి చెప్పులు కనబడేవి. కాసేపు ఆగి పక్క షాపు వైపు తిరిగిపోయేవి. అవి పోతుంటే ఆపలేక, పెడల్ వదల్లేక, పళ్లు బిగించి తొక్కాను. మూడు నెలల సగటును వారంలో ఏమార్చలేమని తెలుసు. అయినా ఏమో అనుకున్నాను.

ఎనిమిది పాయింటు ఆరు వచ్చింది.

కంటి డాక్టరు చుక్కలు వేసి చూసి, కుడికంటి లోపల సన్నటి మచ్చలు రెండు మొదలయ్యాయన్నాడు. చూపుకు ఇంకా ఏమీ కాలేదట. షుగరు దిగితే అక్కడే ఆగవచ్చు, ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నాడు. ఆ కాగితం చూసి మా డాక్టరమ్మ ఇన్సులిన్ రాసింది.

"మేడం, మీరే కద ఇరవై అన్నది."

"మీరు లేచి పోతుంటే అన్నానమ్మా. అసలు యాభై చెప్దామనుకున్న. షాపు ఉందంటిరని పది తీసేసి నలభై చెప్పిన."

తగ్గింపు ముందే ఇచ్చేసి ఆఖరి ధర మొదటే చెప్పిందన్నమాట. అలా చెప్పేవాళ్లు మా బజారులో లేరు, నేను పోల్చుకోలేకపోయాను.

ఇంటికి రాకుండా షాపుకే వెళ్లి కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేశాను. తొంభై రోజులు, రోజుకు నలభై. ఆమె అడిగింది అరవై గంటలు, నేను ఒప్పుకున్నది ముప్పై. సైకిలు ఫాల్ కట్టలు మోసిన మూడు వారాలు సున్నా. ఆఖరి వారం నాలుగు గంటల నలభై నిమిషాలు. మిగిలిన అరవై రెండు రోజులకు మొదట పదేసి వేశాను, కొట్టేసి ఏడు వేశాను. మొత్తం పన్నెండు గంటలకు ఆరు నిమిషాలు తక్కువ. ఆ మిగుల్చుకున్న టైములో ఏం అమ్మానని గుర్తు చేసుకున్నాను. ఎంత ఆలోచించినా ఫాల్స్, హుక్కులు, కొన్ని మీటర్ల లైనింగు తప్ప ఏమీ తేలలేదు. దానికి ఎదురుగా ఇటువైపు రాసుకున్నది: రోజుకొక సూది, ఆరు నెలల భయం, కుడికంట్లో రెండు మచ్చలు.