గుర్రం తాగాకే

అరిజోనా ఎండలో అశ్వదళం ఆగిందంటే, దొడ్డికాళ్ల సార్జెంట్ పర్డమ్ ముందు జీను పట్టీ వదులు చేస్తాడు. గుర్రం వీపంతా అరచేత్తో తడిమి, తడిగుడ్డతో ముక్కు తుడుస్తాడు. ఆ రెజిమెంటులో తాతలనాటి నుంచీ గుర్రం తాగకుండా మనిషి ముద్ద ముట్టడు. ఒక మధ్యాహ్నం కొత్త కెప్టెన్ తొందరపెట్టాడు.

"త్వరగా తినేసి ఎక్కండి! గుర్రాలకు నీళ్లు కోటకు వెళ్లాకే."

"కోట దాకా ఇవి నిలబడాలి కద సార్," అంటూ పర్డమ్ బకెట్టు ఎత్తి గుర్రం మూతికి అందించాడు.

"ముసలోడా, నీ చేతిమీద చారలు పీకేయిస్తా!"

సార్జెంట్ హోదాకు గుర్తుగా చొక్కా చేతికి కుట్టిన ఆ చారల కోసం పర్డమ్ సగం జీవితం ధారపోశాడు. అయినా బకెట్టు దించలేదు. చారలున్న భుజం మాత్రం కెప్టెన్ వైపు తిప్పాడు.

"మీరే కోసుకోండి సార్. నా చేతులు ఖాళీ లేవు."