మేడం అడిగిన మూడో జవాబు

మేడం పోయారన్న కబురు మా ఆఫీసు గ్రూపులో ఓనరు పెట్టిన మెసేజ్‌గా వచ్చింది. "మా అందరికీ అమ్మ లాంటి మనిషి" అని రాసి, కింద దండం పెట్టే బొమ్మలు వరసగా అతికించాడు. ఆవిడ ఆఫీసుకు వస్తున్నారని తెలిస్తే మీటింగ్ వాయిదా వేసుకునే మనిషి ఈయన. చదివితే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇంకా మండుతూనే ఉంది కాబట్టి ఇందులో తియ్యటి మాటలు వెతక్కండి.

ఆవిడ ఎవరికీ అమ్మలా ఉండేవారు కాదు. గుంటూరులో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ చేసే మా చిన్న ఆఫీసుకు సలహాలివ్వడానికి వచ్చారు. మొదటిరోజు నేను చేసిన స్క్రీన్ చూడమంటే, కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని నాకు వీపు పెట్టి కూర్చున్నారు.

"చదువు," అన్నారు.

"చూడరా మేడం?"

"దీన్ని వాడేది ఇక మనుషులొక్కళ్ళే కాదమ్మాయ్. రైతు ఫోన్‌తో మాట్లాడతాడు. ఆ ఫోన్లో ఉన్న ఏఐ మోడల్ వచ్చి దీంతో మాట్లాడుద్ది. నీ రంగులు దానికెందుకు? మాటల్లో ఏముందో చదువు."

చదివాను. "పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి" అన్నచోట ఆపేశారు. "ఏం పొరపాటు? ఎవరిది? ఇట్టా రాస్తే మోడల్ పొద్దస్తమానం అదే తలుపు బాదుద్ది. రైతయితే ఫోను విసిరికొడతాడు." సాయంత్రానికి నా పనిలో మిగిలిందేమీ లేదు. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా ఆవిణ్ణి తిట్టుకున్నాను. ఆవిడ చెప్పినట్టు తిరగరాశాక మాత్రం, కళ్ళజోడు మర్చిపోయి వచ్చిన పెద్దవాళ్ళకు కూడా చదివి వినిపిస్తే చాలు, అర్థమైపోయేది. నాకు పని నేర్పింది ఆవిడే. ఆ మాట మొహాన అంటే "పని చూసుకో" అంటారని తెలుసు, అందుకే అనలేదు.

దర్శి వైపు రైతు ఒకాయన మంచి ధర కోసం మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ఉన్నాడు. ఒక వ్యాపారి మా సాఫ్ట్‌వేర్‌లో ధర పెట్టాడు. అమ్మేద్దామా అని ఫోను అడిగితే "చూద్దాంలే" అని ఆయన పొలం పనిలో పడ్డాడు. మా సాఫ్ట్‌వేర్ తీసుకునే జవాబులు రెండే, ఒప్పుకున్నాం అనీ, వద్దు అనీ. ఆయన వద్దనలేదు కదా అని మోడల్ ఒప్పుకుంది. సరుకు లారీ ఎక్కింది. వారం తిరక్కుండా ధర పెరిగింది.

ఆ రైతు మా ఆఫీసుకు వచ్చి గుమ్మంలోనే అందుకున్నాడు. "నేను అమ్మమన్నానా? చూద్దామన్నా. ఏడాది కష్టమయ్యా అది. చూద్దామంటే అమ్మేయడమా మీ ఊళ్ళో?"

"అది ఏఐ చేసిన తప్పండీ, మా చేతుల్లో ఏముంది," అన్నాడు మా ఓనరు మెత్తగా.

మేడం కుర్చీ ఇటు తిప్పారు. "దాని మీదకి నెట్టకండి. ఈయనే స్క్రీన్ చూసుకునుంటే ఏం చేసేవాడు? ఏదీ నొక్కకుండా ఫోను జేబులో పెట్టుకుని పోయేవాడు. అదీ జవాబే. మోడల్‌కి జేబు లేదు. రెండు తలుపులు పెట్టి ఏదో ఒకదాంట్లో దూరమన్నది మనం."

ఆ రోజు నుంచి మూడో జవాబు కోసం ఆవిడ ఓనరును వదల్లేదు. "ఇంకా తేల్చుకోలేదు, రైతును మళ్ళీ అడగాలి" అన్నది అది. అలా చెప్తే బేరం ఆగుతుంది, రైతుకు మా ఆఫీసు నుంచి ఫోను వెళ్తుంది. బేరాలు ఆలస్యమవుతాయని ఓనరు గింజుకున్నాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుని, "పెట్టాక పిలవండి," అన్నారు. చివరికి పళ్ళు నూరుకుంటూనే పెట్టనిచ్చాడు. దర్శి రైతు నష్టం మాత్రం ఎవరూ పూడ్చలేదు. అది మేడం చివరిదాకా గుర్తుచేసి తిట్టేవారు.

సంతాప సభ ఆఫీసులోనే జరిగింది. ఆవిడ కుర్చీని మా వైపు తిప్పి, దాంట్లో ఫొటో పెట్టి దండ వేశారు. ఆవిడ చూపిన దారిలో నడుస్తామని ఓనరు దండం పెట్టి మరీ చెప్పాడు. అందరూ వెళ్ళాక నన్ను ఆ కుర్చీ దగ్గరే ఆపాడు. దండ తడి కూడా ఆరలేదు.

"ఆ మూడోది తీసెయ్యమ్మా. వ్యాపారులు గోల చేస్తున్నారు. ఇక అడిగేవాళ్ళు కూడా లేరుగా."

నేను నా సంచి తీసుకున్నాను.

"రేపటికి తీసేస్తావా, లేదా?"

"చూద్దాం సార్," అన్నాను.

"చూద్దామేంటి? అవునో కాదో చెప్పు."

ఫోను సంచిలో వేసుకుని, వెళ్తూ వెళ్తూ మేడం కుర్చీని కిటికీ వైపు తిప్పాను. దాన్ని ఇవాళ్టిదాకా ఎవరూ ఇటు తిప్పలేదు, మూడో జవాబునూ ఎవరూ తీయలేదు. ఓనరు అవునా కాదా అని అడుగుతూనే ఉన్నాడు. ఫొటోలో మేడం ఆయనకు వీపు పెట్టి, మిర్చి యార్డుకు పోయే లారీల వైపు చూస్తూ వింటున్నారు.